కార్బను కంపు

మా ఇంట్లో ఏది ఉండాలో ఏది పోవాలో తేల్చేది మా మావగారని ఊళ్ళో అనుకునేవారు. నిజానికి తేల్చేది మా అత్తగారి ముక్కు. ఆ ముక్కు ఒప్పుకోక గుమ్మంలోంచే వెనక్కి పోయిన నెయ్యి డబ్బాలున్నాయి, మడత విప్పకుండానే తిరిగిపోయిన కంబళ్ళున్నాయి. నేను కాపరానికి వచ్చిన కొత్తలో నా బి.ఏ. పట్టాను కూడా ఆవిడ ఒకసారి వాసన చూసి, "కాయితం మంచిదే. అక్కరకొస్తాదో రాదో సూడాలి" అన్నారు.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడాది ఆ ముక్కు మా కారు మీద పడింది.

మాది విజయనగరంలో గోగునార వ్యాపారం. మావగారు సరదాపడి కొన్న నల్లటి కారు ఒకటి ఉండేది. యుద్ధకాలంలో పెట్రోలు చుక్కల లెక్కన ఇచ్చేవారు కాబట్టి, అందరిలాగే మేమూ దాని వీపుకు ఒక ఇనప పీపా తగిలించి, అందులో బొగ్గులు మండించి, ఆ గ్యాసుతో నడిపించాం. నడిపించాం అనడం మర్యాదకి. కాస్త ఎత్తు వచ్చిందంటే చాలు, అందరం దిగి తోసేవాళ్ళం. యుద్ధం అయిపోయాక పీపా ఊడదీశారు, కారు మళ్ళీ పెట్రోలు తాగడం మొదలుపెట్టింది. కానీ అన్నాళ్ళ మసీ, తారూ, నూనే, రోడ్డు దుమ్మూ కలిసి ఇంజను చుట్టూ అట్లకాడతో గీకినా రానంత మందంగా పేరుకుపోయాయి.

ఆ సంగతి ఎవరికీ తెలియదు. బానెట్ ఎత్తితే కదా తెలిసేది! ఎత్తే అధికారం మా డ్రైవరుది. అతను సముద్రపు ఒడ్డు పల్లెనుంచి వచ్చినవాడు. వాళ్ళ తాతముత్తాతలు పడవలు నడిపారు కాబట్టి కారు నడపడం తనకు పుట్టుకతోనే వచ్చేసిందని అతని వాదన. బానెట్ కింద ఏముందో ఇంటివాళ్ళు చూస్తే బండికి దిష్టి తగులుతుందని కూడా చెప్పేవాడు. మా ఇంట్లో దిష్టి అన్న మాటకు ఎదురు లేదు.

ఇలా ఉండగా కంపు మొదలైంది. కారు బయల్దేరి కాస్త దూరం పోయి, ఇంజను వేడెక్కేసరికి ముందునుంచి ఒక వాసన లోపలికి కొట్టేది. కాలిన నూనె అన్నారు మా వారు. రబ్బరన్నారు మావగారు. మా అత్తగారు పేరు పెట్టే ఓపిక లేక కిటికీలోంచి తల బయటపెట్టి వాంతి చేసుకున్నారు.

"ఇదేటి కంపురా నాయనా! పేగులు నోట్లోకి వచ్చేస్తన్నాయి. ఈ మోటారు నానెక్కను."

ఇంకెప్పుడైనా అయితే ఆ మాట అక్కడితో పోయేది. కానీ శృంగవరపుకోటలో ఉన్న మా ఆడపడుచుకు ఏడో నెల. ఆమెను పురిటికి తీసుకురావాలి. మంచిరోజు కూడా కుదిరిపోయింది. "కడుపుతో ఉన్న పిల్లని ఆ కంపులో కూకోబెట్టి తెస్తానేటి? గూడుబండి కట్టించండి" అని అత్తగారు తేల్చేశారు. దానిమీద మావగారు ఇంకోటి తేల్చారు. "ఇంట్లో ఆడవాళ్ళు ఎక్కని కారు నాకెందుకు? బొబ్బిలి షావుకారు ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నాడు. ఇచ్చేస్తాను."

ఆ కారుతోపాటు నాదీ ఒకటి పోయేలా ఉంది.

మా పుట్టింటివాళ్ళకు బొబ్బిలి, పార్వతీపురం దారిలో బస్సులుండేవి. నేను కాలేజీలో నేర్చుకున్నది తర్కం, మా నాన్న బస్సుల షెడ్డులో నేర్చుకున్నది డ్రైవింగు. మొదటిదానికి అత్తవారింట్లో రోజూ పని దొరికేది. రెండోదానికి దొరకడానికి చాలా ఏళ్ళు పట్టింది. చివరికి మావగారు మెత్తబడి, పొద్దున్నే వీధి ఖాళీగా ఉన్నప్పుడు ఇంటినుంచి గోడౌను దాకా నన్ను తోలనిచ్చేవారు. అర మైలు ఉంటుంది. వచ్చేవాళ్ళతో పోయేవాళ్ళతో కిటకిటలాడే ఆ ఇంట్లో గదులు అందరివీ, వంటిల్లు అత్తగారిదీ. ఆ అర మైలు మాత్రం నాది. కారు బొబ్బిలి పోతే అదీ బొబ్బిలి పోతుంది.

అందుకని నడవలోకి వచ్చి వాదం మొదలుపెట్టాను.

"అత్తయ్యా, అది కార్బను."

"ఏటది?"

"కార్బను. నూనె మాడగా మిగిలే మసి. అది ఇంజనుకు పట్టేసింది. వేడెక్కినప్పుడల్లా మళ్ళీ మాడి కంపు కొడుతోంది. కడిగేస్తే పోతుంది."

"నువ్వు సూసినావేటి?"

"చూడక్కర్లేదు. కారణం లేకుండా కార్యం ఉండదు."

"నా కడుపు తిప్పడానికి నీ తర్కమెందుకే? సరే, కడుగు. కంపు పోతే ఎక్కుతాను. పోకపోతే ఆ బొబ్బిలోడు పట్టుకుపోతాడు."

మావగారు లోపల్నుంచే, "కంపు పోతే శృంగవరపుకోట దాకా నువ్వే తోలు" అన్నారు. ఆయన నామీద నమ్మకంతో అన్నారో, ఆ వాదం అక్కడితో ఆగాలని అన్నారో నేను అడగలేదు. మాట బయటపడింది, అది చాలు.

డ్రైవరుకు ఈ ఏర్పాటు నచ్చలేదు. ఆడవాళ్ళ చేతికి స్టీరింగ్ ఇస్తే గేదెలు కూడా రోడ్డు దిగిపోతాయని అతను మా వంటమనిషితో అన్న సంగతి నాకు తెలుసు. ఇప్పుడు మహా వినయంగా వచ్చి నిలబడ్డాడు.

"మీకెందుకమ్మగారూ ఆ మురికి పని? నాకొదిలీండి. ఇంజను వేడిమీదుండగానే రెండు బిందెల నీళ్ళు ఇసిరికొట్టి, పెట్రోల్లో గుడ్డ ముంచి రుద్దీనామంటే అద్దంలాగ మెరిసిపోద్ది."

అతని చెవిమీద వెలిగించడానికి సిద్ధంగా ఒక బీడీ ఉంది.

"వేడి ఇంజనుమీద చన్నీళ్ళు పోస్తే ఏమవుతుంది?"

"సల్లబడతాదండి."

"పగులుతుంది. బాగా కాలిన మట్టిమూకుడుమీద చెంబుడు నీళ్ళు పోసి చూడు, అదేమంటుందో. ఇంక పెట్రోలంటావా? చెవిమీద ఆ బీడీ పెట్టుకుని నువ్వు పెట్రోలుతో రుద్దితే మెరిసేది ఇంజనొక్కటే కాదు. నువ్వూ మెరుస్తావు, షెడ్డూ మెరుస్తుంది, పక్కనున్న మా గోగునారంతా మెరుస్తుంది. ఆ వెలుగు చూసుకుని బొబ్బిలి షావుకారు రాత్రికి రాత్రే వచ్చేస్తాడు, దారి అడగక్కర్లేకుండా."

అతను బీడీ తీసి జేబులో పెట్టుకున్నాడు. 

ఆ రాత్రంతా కారును కదపనివ్వలేదు. తెల్లారాక చెయ్యి ఆనిస్తే ఇంజను నూతి గట్టులా చల్లగా ఉంది. అప్పుడు షెడ్డులోంచి తోయించి పెరట్లో, గాలి ఆడేచోట పెట్టించాను. బానెట్ రెండువైపులా రెక్కల్లా ఎత్తేసరికి మా వారు తొంగిచూసి, "ఇందులో ఇంజనుందా?" అన్నారు. అడగవలసిన ప్రశ్నే.

ముందు బ్యాటరీ తీగ ఊడదీయించాను, ఎక్కడా నిప్పురవ్వ లేవకూడదని. తరవాత నీళ్ళు తగలకూడని చోట్లు వెతికాను: గాలి పీల్చుకునే కార్బురేటరు మూతి, రవ్వలు పంచే డిస్ట్రిబ్యూటరు, కరెంటు పుట్టించే డైనమో. వాటికి రబ్బరు గుడ్డ కప్పాలి. ఆ రోజుల్లో మంచి రబ్బరు గుడ్డ దొరకడమంటే పెళ్ళి సంబంధం దొరికినంత పని. అందుకని అరిటాకులు కోయించి, పొయ్యిమీద వాడ్చి, ఒక్కోదానికీ చుట్టి, పైన మా సరుకే అయిన గోగునార పురికొసతో బిగించి కట్టాను.

"పొట్లాలు బాగా కట్టావు" అన్నారు మా వారు. "లోపల పులిహోరేనా?"

"పులిహోరే. మీకు లేదు."

మడ్డి గట్టిగా పట్టిన చోట మాత్రం కిరసనాయిలు తడిపిన నార పీచుతో మెత్తబరిచాను. వాడిన పీచును వాడినట్టే మూతున్న డబ్బాలో పడేస్తూ, ఆ డబ్బాను వంటింటికి దూరంగా పెట్టించాను. మిగతా ఒంటికంతా కుంకుడుకాయ పులుసు. జిడ్డును వదిలించడంలో కుంకుడుకాయను మించిన సబ్బును ఏ దొరా ఓడలో తేలేదని నా అభిప్రాయం. దీనిమీద ఎవరితోనైనా వాదిస్తాను.

మా అత్తగారు వరండాలో మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చున్నారు. ఇటు చూడటంలేదని అందరికీ తెలిసేలా చూస్తున్నారు. నేను కొబ్బరిపీచు పట్టుకుని దబదబా రుద్దుతుంటే ఇక ఊరుకోవడం ఆవిడవల్ల కాలేదు.

"ఒసే, అదేటే ఆ రుద్దుడు, దెయ్యాన్ని వదిలిస్తన్నట్టు! తలంటు అలాగేనా పోస్తారు? పులుసు పట్టించి కాసేపు నాననివ్వాలి. నలుగురు పిల్లల్ని పెంచినాను నాను. లే అక్కడ్నుంచి."

చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని పీటేసుకుని కూర్చున్నారు. ముందు పులుసు పట్టించారు. కాసేపు నాననిచ్చారు. తరవాత వేళ్ళతో, గోళ్ళతో, మధ్యమధ్య వేపపుల్లతో సందుసందునా తవ్వడం మొదలుపెట్టారు. ఆ చేతుల్లో ఇంజను నిజంగానే మొండికేసిన పిల్లాడిలా కనిపించింది.

"ఈ పొట్లాలేటి?"

"అవి చెవులు అత్తయ్యా. నీళ్ళు పోకూడదు."

"అలా సెప్పు ముందే." అంతే. చెంబుతో నీళ్ళు పోయొద్దనీ, తడిగుడ్డ పిండి తుడవాలనీ నేను దాచుకున్న ఉపన్యాసమంతా వృథా అయింది. చెవుల్లో నీళ్ళు పోకుండా తలంటడం ఆవిడకు నేను నేర్పాలా? ఒక అరచెయ్యి పొట్లానికి అడ్డంపెట్టి, రెండో చేత్తో గుడ్డ పిండి, మెల్లగా తుడిచారు. మధ్యలో రేడియేటరు ఇత్తడిమూత కంటబడితే దాన్ని విప్పించి, "ఇదెన్నాళ్ళయిందే తోమి? సీ!" అని చింతపండు తెప్పించుకున్నారు.

ఆవిడ మూత తోముతున్నారు. నేను బ్యాటరీ వెనక మూల తుడుస్తున్నాను.

"సెవి వెనకాల బాగా తుడవే. మట్టంతా అక్కడే ఉంటాది" అన్నారు తల ఎత్తకుండా.

చెయ్యి లోపలికి పెట్టాను. మెత్తగా ఏదో తగిలింది. లాగితే నూనె పీల్చుకుని నల్లబడిన తాటాకు పొట్లం ఒకటి వచ్చింది. నేను కట్టింది కాదు. ఒకవైపు చిరిగి ఉంది. ఆ చిరుగులోంచి వరసగా చిన్నచిన్న కళ్ళు నావంకే చూస్తున్నాయి.

ఎండుచేపలు.

ఉల్లిపాయ కూడా కొన్ని రోజుల్లో గడప దాటని ఇల్లు మాది. ఆ ఇంటి కారులో, ఇంజను వేడికి నెలరోజులుగా ప్రతి ప్రయాణంలోనూ వేగుతూ వచ్చాయవి. ఇంటిల్లిపాదీ పీల్చాం. నూనె అన్నవాళ్ళు నూనె అన్నాం, రబ్బరన్నవాళ్ళు రబ్బరన్నాం, బి.ఏ. చదివినవాళ్ళు కార్బను అన్నాం. చేప అని ఒక్కరూ అనలేదు. ఏ ఒక్కరి ముక్కుకైనా చేప తెలిస్తే కదా! నాకు మాత్రం విశాఖపట్నంలో చదువుకునే రోజుల్లో సముద్రపు గాలితోపాటు హాస్టలు కిటికీలోకి వచ్చిన వాసన గుర్తొచ్చింది. అదీ పొట్లం ముక్కు దగ్గరకు వచ్చాకే.

మూరెడు దూరంలో మా అత్తగారు.

"ఏటే అది?"

నిజం చెబితే ఏమవుతుందో తర్కం చదవని వాళ్ళకూ తెలుస్తుంది. అత్తగారు కూర్చున్నచోటే నెత్తిన నీళ్ళు కుమ్మరించుకుంటారు. ఇల్లంతా కడగాలి, మనుషులంతా మునగాలి. డ్రైవరు సాయంత్రానికి వాళ్ళ పల్లెలో ఉంటాడు. ఇంక ఈ జన్మలో ఆవిడ ఆ కారు ఎక్కరు. బొబ్బిలి షావుకారు ఊరికే ఇమ్మన్నా మావగారు ఇచ్చేస్తారు. నా అర మైలు అంతటితో సరి.

పొట్లంమీద గుప్పెడు నార పీచు చుట్టేశాను.

"కార్బను, అత్తయ్యా."

"ఇంత పెద్దదేటి?"

"గడ్డకట్టింది."

"ఏదీ, ఇలా తే."

ఇవ్వలేదు, కాస్త దగ్గరకు చూపించాను. ఊరికే చూసి వదిలే మనిషైతే బాగుండును. ముక్కు ముందుకు వచ్చింది. ఒక్కసారి పీల్చింది.

"ఇదే!" అని అరిచారు. "ఇదేనే ఆ కంపు! నువ్వు సెప్పిందే నిజం, కార్బనే! ఓలమ్మో, ఎంత పాడుదే ఈ కార్బను! బేగి పారెయ్, బేగి!"

మా అత్తగారు నా మాట నిజమని ఒప్పుకోవడం అదే మొదటిసారి. నేను చెప్పింది అబద్ధమైన రోజునే ఆ గౌరవం దక్కింది.

డ్రైవరును పిలిచాను. "ఇదిగో, కార్బను. ఊరవతల పారేసి రా."

పీచు చుట్ట చేతిలో పడగానే అతని మొహం మారింది. బరువు తెలిసిందో, వాసన తెలిసిందో, లేక పోయారనుకున్న ఆప్తులు కనిపించినట్టయిందో.

"అమ్మగారూ, ఇది..."

"కార్బను."

ఒకసారి అత్తగారివైపు చూశాడు, ఒకసారి నావైపు చూశాడు. "సిత్తం. కార్బనేనండి" అని రెండు చేతులతో పట్టుకుని వెళ్ళిపోయాడు.

హమ్మయ్య అని నడుము వాల్చానో లేదో, అత్తగారు వంటింట్లోంచి ధూపం మట్టిచిప్ప పట్టుకుని వస్తున్నారు. అందులో ఎర్రటి నిప్పులు. రెండో చేతిలో సాంబ్రాణి.

"ఆగండి! అత్తయ్యా, అక్కడే ఆగండి!"

"అరుస్తావేటి? తలంటు అయినాక సాంబ్రాణి పొగెయ్యకపోతే జలుబు సేస్తాది. తడి కూడా ఆరుతాది."

"అక్కడ కిరసనాయిలు రాశాం! పెట్రోలు గొట్టం ఉంది! ఒక్క రవ్వ పడితే ఆరడం కాదు, అంటుకుంటుంది!"

"నా పిల్లల తలలు అంటుకున్నాయేటి? నలుగురికీ ఏసినాను."

"మీ పిల్లలు పెట్రోలు తాగరు!"

"నువ్వు పెద్ద సెప్పొచ్చావు. మీ బస్సులోళ్ళకి సాంబ్రాణి విలవేటి తెలుస్తాది?"

మా వారు ఈ ఘట్టంలో ఎటు పోయారో ఇప్పటికీ తెలియదు. అత్తగారు ఇంకో అడుగు వేశారు. నిప్పు, ఆవిరి, పేలుడు అని నేను ఎంత చెప్పినా ఆ అడుగు ఆగేది కాదని అర్థమైంది. సైన్సు వదిలేశాను.

"అత్తయ్యా, తడితల మీద, చిక్కు తియ్యకుండా ఎవరైనా పొగ వేస్తారా? ముందు ఎండలో ఆరద్దా?"

ఆగారు. ఆలోచించారు.

"అదీ నిజమే" అన్నారు. "ఆరనీ." నిప్పులు వెనక్కి వెళ్ళాయి. ఆరాక మళ్ళీ తెస్తారేమోనని, ఆవిడ మర్చిపోయేదాకా నేను చిక్కు తీస్తూనే ఉన్నాను, అంటే పొడిపీచుతో తుడుస్తూ, విసనకర్రతో విసురుతూ.

ఎండ వాలాక పొట్లాలు విప్పాం. కిరసనాయిలు వాసన పూర్తిగా పోయిందని చూసుకుని బ్యాటరీ తీగ బిగించాం. ఇల్లంతా పెరట్లో చేరింది. అంతవరకు జాడలేని మా వారు కూడా వచ్చారు. డ్రైవరు బండి ముందు హేండిలు పెట్టి తిప్పాడు. ఇంజను ముసలాయన గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు చేసి ఊరుకుంది. మళ్ళీ తిప్పాడు. ఖళ్ళుమని దగ్గి ఆగిపోయింది.

"సెప్పినానా జలుబు సేస్తాదని?" అన్నారు అత్తగారు. "పొగెయ్యనిచ్చినావా!"

మావగారు వరండాలో కుర్చీలోంచి లేచారు. ఆయన లేచారంటే ఉత్తరం రాయడానికేనని, అది బొబ్బిలికేనని నాకు తోచింది. తీగ చూశాను, గొట్టం చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

అప్పుడు మా వారు ఇంజనులోకి వంగి, చాలా నెమ్మదిగా అన్నారు. "పులిహోర పొట్లం ఒకటి ఉండిపోయింది."

కార్బురేటరు మూతికి అరిటాకు అలాగే ఉంది. పాపం, ఊపిరాడక దగ్గుతోంది. పురికొస తెంపి ఆకు లాగేశాను. ఈసారి హేండిలు తిప్పీ తిప్పకముందే ఇంజను అందుకుంది. మా వారు ఆ ఒక్క మాట చెప్పుకుని తరవాత పదేళ్ళు గొప్పలు పోయారు.

చాలాసేపు ఇంజను ఆడనిచ్చాం. బానెట్ మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. అత్తగారు వచ్చి దగ్గరగా వంగారు. పెరడంతా ఆ ముక్కువంకే చూసింది. మావగారు మెట్టుమీద ఒక కాలుతో ఆగిపోయారు.

"కుంకుడుకాయ వాసనొస్తన్నాది" అన్నారావిడ. "ఎక్కుతాను."

ఆ సాయంత్రం షెడ్డు దగ్గర డ్రైవరు నాకోసం నిలబడి ఉన్నాడు. "మా అత్త పంపినాదమ్మా, టేసను దగ్గరున్న మా అప్పకి ఇమ్మని. సీటుమీద పెడితే కంపు తెలిసిపోద్దని ఇంజను పక్కనెట్టినాను. దిగినాక సూత్తే లేదు. జారిపోనాదనుకోలేదమ్మా, పిల్లి ఎత్తుకుపోనాదనుకున్నాను. మీ పెరట్లో తిరిగే తెల్లపిల్లిని నెల్లాళ్ళనుంచీ తిడతన్నాను."

"ముందు ఆ పిల్లికి క్షమాపణ చెప్పు" అన్నాను. "కోటకు ఎవరు తోలుతున్నారు?"

"మీరేనమ్మగారూ. మీ అంత బాగా తోలినోళ్ళని నాను సూళ్ళేదు."

"గేదెలో?"

అతను నేలచూపులు చూశాడు. "గేదెలకేటి తెలుసమ్మా."

మంచిరోజున తెల్లవారే బయల్దేరాం. స్టీరింగ్ ముందు నేను, పక్కన డ్రైవరు, వెనకాల అత్తగారు, ఆవిడ చుట్టూ సున్నుండల డబ్బాలు. అర మైలు దాటి గోడౌను వెనక్కి పోయాక గేరు మార్చి వేగం పెంచాను. దారిపొడుగునా అత్తగారు కిటికీలోంచి తల బయటపెట్టలేదు. ఒకచోట కునుకు కూడా తీశారు. కొండలు కనిపించాక లేచి, "కూతుర్ని కుదుపు లేకండా తెస్తావు కదే?" అని అడిగారు. తెస్తానన్నాను.

శృంగవరపుకోటలో ఆ రోజు సంత. జనం మధ్యలో బండి మెల్లగా పోనిస్తున్నాను. కుడిపక్క కుండలు, ఎడమపక్క విస్తళ్ళు కుట్టే అడ్డాకులు, ఆ తరవాత నేలమీద గోనెలు పరిచి గుట్టలు గుట్టలుగా పోసిన ఎండుచేపలు. గాలి అటునుంచే వీచింది.

"ఆపు! ఆపు!" అని వెనకనుంచి అత్తగారు నా భుజం పట్టుకున్నారు.

బ్రేకు తొక్కాను. డ్రైవరు సీటులో కిందికి జారిపోయాడు. అయిపోయింది, తెలిసిపోయింది అనుకున్నాను.

అత్తగారు చెంగు ముక్కుకు అడ్డంపెట్టుకుని నాలుగువైపులా చూశారు. సంతలో ఎడ్లబళ్ళు తప్ప ఇంకేమీ లేవు.

"ఎవల్దో మోటారు ఇక్కడే ఎక్కడో ఉన్నాది. కార్బను! సూడు ఎంత కంపో! మనదానికన్నా ముదిరిపోనాది."

డ్రైవరుకు దగ్గు వచ్చింది. ఎంతకీ తగ్గలేదు.

"ఇంటికెళ్ళగానే మీ మావకి సెప్తాను, బొబ్బిలోడికి మన బండి ఇవ్వొద్దని" అన్నారు అత్తగారు వెనక్కి ఆనుకుంటూ. "ఆళ్ళు కడుక్కోలేరు, పాడుసేసీస్తారు." తరవాత ఆ ఎడ్లబళ్ళ మధ్య కనిపించని మోటారు కోసం మరొక్కసారి జాలిగా చూశారు.

"పాపం, ఆళ్ళింట్లో సదువుకున్న కోడలు లేదు కామోసు."

నేను హారను కొట్టి బండి ముందుకు పోనిచ్చాను.